ఎవరూ లేని మైదానం: ‘సెరెంగెటి చనిపోరాదు’ చిత్రంలో ప్రకృతి, మానవుడు – ఒక పరిశీలన

టాంజానియాలోని సెరెంగెటి పేరు మాసాయి భాష నుంచి వచ్చింది. అంతులేని మైదానమని దాని అర్థంగా చెబుతారు. పేరు నిలిచింది గాని, ఆ మాటాడిన పశుపాలకులు నేడు ఆ ఉద్యానవనం హద్దులలో నివసించరు. ఈ లోటు ఎట్లా ఏర్పడిందో చరిత్రకారులు చర్చించారు. చూసేవారికి అది లోటుగానే తోచకుండా చేయడంలో ఒక చిత్రం వహించిన పాత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫ్రాంక్‌ఫర్ట్ జంతుప్రదర్శనశాల సంచాలకుడు బెర్న్‌హార్ట్ గ్జిమెక్, ఆయన కుమారుడు మిహాయెల్ రూపొందించిన ఈ జర్మన్ చిత్రం 1959లో వెలువడింది. అదే పేరుతో పుస్తకం కూడా వచ్చింది. చిత్రానికి 1960లో ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ లభించింది. అప్పటి బ్రిటిష్ పాలకులు ఉద్యానవనం హద్దులు మార్చబోతున్నారు. వలస మందలు గీతలను చూసి నడవవని, ప్రతిపాదిత హద్దులు వాటి దారులకు సరిపోవని నిరూపించేందుకు తండ్రీకొడుకులు చిన్న విమానంలో తిరిగి జంతువులను లెక్కించారు. ఆ కాలానికి అది సాహసోపేతమైన శాస్త్రకృషి. 1959 జనవరి 10న విమానం రాబందును ఢీకొని కూలడంతో మిహాయెల్ మరణించాడు. ఈ విషాదం తెలిసిన ప్రేక్షకుడికి చిత్రాన్ని విమర్శించడం కృతఘ్నతలా అనిపిస్తుంది. దీనిపై విమర్శ చాలాకాలం మెతకగా ఉండడానికి ఇదీ ఒక కారణమై ఉండవచ్చు.

ఆ విమానానికి జీబ్రా చారలు వేశారు. చూసేవాడు తనను తాను అడవిలో ఒక జంతువుగా ఊహించుకోవడానికి ఇంతకన్నా ముచ్చటైన ప్రతీక దొరకదు. కాని చారలున్నా అది ఆకాశంలోనే ఉంది. పై నుంచి చూసినప్పుడు మంద ఒక లెక్క అవుతుంది, నేల ఒక పటం అవుతుంది. ఏ గడ్డి ఏ నెలలో మేపాలి, ఏ మడుగు ఎప్పుడు ఎండుతుంది అన్న జ్ఞానం ఆ ఎత్తు నుంచి కనిపించదు. అది పశువుల వెంట నడిచినవారి దగ్గర ఉంటుంది. మాసాయి ప్రజలు ఈ కృతిలో అసలు లేరని అనలేం. ఉన్నారు. అయితే ఆ నేలను ఎరిగినవారిగా కాక, దాని భవిష్యత్తుకు ఒక సమస్యగా ఉన్నారు. పుస్తకంలో గ్జిమెక్ వాదం మరింత సూటిగా ఉంటుంది: జాతీయ ఉద్యానవనం ఆదిమ ప్రకృతిగా మిగలాలంటే మనుషులు, స్థానికులైనా సరే, అందులో నివసించరాదు.

1951లో ఏర్పడిన ఉద్యానవనాన్ని 1959లో విడదీశారు. పశ్చిమాన మనుషులు లేని సెరెంగెటి, తూర్పున మాసాయిలూ వారి పశువులూ వన్యప్రాణులూ కలిసి బతికే గోరోంగోరో సంరక్షణ ప్రాంతం. మాసాయిలు సెరెంగెటిని వదిలి వెళ్లారు. అదే ఏడాది జులైలో గోరోంగోరోలోని ఓల్డువాయ్ లోయలో మేరీ లీకీ అతి ప్రాచీన మానవసదృశ జీవి కపాలాన్ని కనుగొన్నారు. మానవుడి పుట్టుకకు ఆధారాలు దొరుకుతున్న నేల పక్కనే, మనిషి లేనిదే ఆదిమ ప్రకృతి అన్న నిర్వచనం స్థిరపడింది. ఈ రెంటినీ కలిపి చదివిన రచన యాత్రాసాహిత్యంలో అరుదు.

ఆ ‘ఆదిమ’ అన్న మాట ఎంతవరకు నిలుస్తుంది? 1890ల ప్రాంతంలో రిండర్‌పెస్ట్ అనే ముసర రోగం తూర్పు ఆఫ్రికాను ఊడ్చేసింది. మాసాయిల ఆవుల్లో అధికభాగం చచ్చాయి, కరవు వచ్చింది, మనుషులు రాలిపోయారు. అడవిదున్నలు, వైల్డ్‌బీస్టులు కూడా అదే రోగానికి బలయ్యాయి. ఆ తరువాత వచ్చిన యూరోపియన్లు చూసిన ఖాళీ నేల చాలావరకు ఒక విపత్తు మిగిల్చినది. ఆవులకు టీకాలు వేయడంతో 1960ల మొదట్లో వైల్డ్‌బీస్టులలో కూడా ఆ రోగం అంతరించింది. 1961లో రెండున్నర లక్షలకు అటూఇటూగా ఉన్న వాటి సంఖ్య 1977 నాటికి 13 లక్షలు దాటింది. నేడు యాత్రికులు మారా నది ఒడ్డున కాచుకుని చూసే మహావలసకు ఆ మేరకు పశువుల టీకా కూడా కారణం. పశుపాలకుడి ఆవు సెరెంగెటికి శత్రువన్న చిత్రకథనాన్ని ఈ ఒక్క వాస్తవం గట్టిగానే కదిలిస్తుంది. గ్జిమెక్‌లు లెక్కించింది ఈ పెరుగుదలకు ముందు. కనుక ఇది వారికి తెలియవలసిన విషయమని అనడం న్యాయం కాదు. ఆ తరువాత అరవై ఏళ్లుగా అదే చూపును కొనసాగించినవారికి మాత్రం ఆ మినహాయింపు లేదు.

మన పరిభాష ఇక్కడ అనుకోకుండా నిజం చెబుతుంది. ‘జాతీయ ఉద్యానవనం’ అంటున్నాం. ఉద్యానం అంటే ఎవరో వేసి, కంచె కట్టి, పెంచినది. ‘అభయారణ్యం’ అన్న మాటైతే అభయం ఎవరికి, ఎవరి నుంచి అన్న ప్రశ్నను దాచుకుని ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 నాటి కాశీయాత్రలో దారిని, మజిలీని, అక్కడి జనాన్ని, దొరికే సరుకును నమోదు చేస్తూ సాగారు. ఆ చూపులో దృశ్యం ఎంత ముఖ్యమో, అక్కడ బతికేవారు అంత ముఖ్యం. వన్యప్రాణి యాత్రాకథనాలను ఈ కొలతతో చదివితే వాటిలోని ఖాళీ బయటపడుతుంది.

గ్జిమెక్ పక్షాన చెప్పవలసింది ఒకటుంది. 1961లో స్వతంత్రమైన దేశానికి జంతువులను కాపాడడం వల్ల ఆదాయం రావాలని ఆయన గ్రహించారు. జర్మన్ టెలివిజన్‌లో అప్పటికి లేనే లేని చవక యాత్ర గురించి ఉన్నట్టే ప్రకటించి, సంస్థలు దాన్ని నిజం చేసేలా పురిగొల్పారు. పర్యాటకం లేకుంటే ఈ మందలలో ఎన్ని మిగిలేవో చెప్పడం కష్టం. అయితే ఆ ఆదాయమే క్రమంగా కొత్త హద్దులకు హేతువైంది. 2022 జూన్‌లో సెరెంగెటి పక్కనున్న లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లకు ప్రభుత్వం హద్దురాళ్లు పాతినప్పుడు మాసాయిలకు, భద్రతా దళాలకు మధ్య ఘర్షణ జరిగింది. గోరోంగోరో కుటుంబాలను దూరాన ఉన్న మ్సోమెరాకు తరలించే కార్యక్రమమూ అదే ఏడాది మొదలైంది. 1959లో సెరెంగెటి విడిచినందుకు బదులుగా నివాసహక్కు పొందిన నేల గోరోంగోరోయే.

మిహాయెల్ సమాధి గోరోంగోరో బిలం అంచున ఉంది. 1987లో మరణించిన తండ్రి చితాభస్మాన్ని అక్కడే ఉంచారు. యాత్రికుల వాహనాలు ఆ రాళ్ల గుట్ట పక్క నుంచే వెళ్తాయి. ఆ అంచు నుంచి కిందికి చూస్తే కనిపించే బిలం అడుగున 1974 వరకు మాసాయిల ఇళ్లు ఉండేవి.