‘మ్యాచ్’కు ఏ రంగు వేయాలి?

2021 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.10 ఎడిటర్లకు ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ‘మ్యాచ్’, ‘కేస్’ అనే రెండు మాటలు అప్పటి నుంచి కీవర్డ్‌లయ్యాయి, కానీ అన్నిచోట్లా కాదు. వాక్యం మొదట్లో వచ్చి, ఆపైన ఒక ఎక్స్‌ప్రెషన్, దాని వెనక కోలన్ ఉంటేనే ‘మ్యాచ్’ కీవర్డ్. లేకపోతే మామూలు పేరు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మాడ్యూల్లో అదే పేరుతో ఒక ఫంక్షన్ ఎన్నో ఏళ్లుగా ఉంది, దాన్ని వాడుకున్న ప్రోగ్రాములు లెక్కలేనన్ని. వాటిని చెడగొట్టకుండా కొత్త వాక్యం తేవాలంటే ఇలా చేయక తప్పదు. భాషను తీర్చిదిద్దేవాళ్లు తమ పని చేసుకుపోయారు. ఏ ‘మ్యాచ్’ ఎలాంటిదో చూసి రంగు వేసే బాధ్యత మాత్రం ఎడిటర్ల నెత్తిన పడింది.

విమ్ ఎడిటర్‌తో పాటు వచ్చే పైథాన్ సింటాక్స్ ఫైలు ఈ చిక్కును ఒకలా పరిష్కరించింది, ట్రీసిట్టర్ అనే పార్సర్ వ్యవస్థలోని పైథాన్ గ్రామర్ ఇంకోలా. రెండూ తెరమీద వేసే రంగులు చాలావరకు ఒకటే. తేడా అంతా రంగు తప్పినప్పుడు దాన్ని దిద్దే తీరులో ఉంది.

విమ్‌లో సింటాక్స్ రంగులు 1998 ఫిబ్రవరి నాటి 5.0తో మొదలయ్యాయి. విమ్ కర్త బ్రామ్ మూలెనార్ నియమాలు రాసేవాళ్ల చేతికి ఇచ్చిన పనిముట్లు మూడే: జాబితాలో పెట్టే కీవర్డ్, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో పట్టే నమూనా, మొదలూ చివరా చెప్పి పట్టే ప్రాంతం. ఒకేచోట పోటీ వస్తే కీవర్డ్‌దే గెలుపు. నమూనాలూ ప్రాంతాలూ తమలో తాము పోటీపడితే ఫైల్లో చివర రాసినది నెగ్గుతుంది. ‘మ్యాచ్’ను కీవర్డ్ జాబితాలో చేరిస్తే పాత ఫంక్షన్ పేరుకూ కీవర్డ్ రంగే పడుతుంది, ఆ గెలుపును ఏ నమూనా ఆపలేదు. అందుకని దాన్ని నమూనాగా రాశారు: వరుస మొదట్లో ఖాళీలు దాటాక ‘మ్యాచ్’ ఉండాలి, ఆ వరుస కోలన్‌తో ముగియాలి, ఆ తర్వాత కామెంట్ ఉంటే ఉండొచ్చు. ‘కేస్’కు షరతు ఇంకా వదులు. దాని వెనక ఖాళీ, వరుసలో ఎక్కడో ఒకచోట కోలన్ ఉంటే సరిపోతుంది.

నాకు ఈ నియమం మీద గౌరవం ఉంది. భాష పూర్తి వ్యాకరణం తెలియకుండా, ఒక్క వరుస చూసి, నూటికి తొంభై సందర్భాల్లో సరిగ్గా ఊహిస్తుంది. కానీ ఊహ ఊహే. ‘మ్యాచ్’ తర్వాత బ్రాకెట్ తెరిచి విలువను కింది వరుసకు దించితే కోలన్ కనబడదు, రంగు పడదు. ‘కేస్’ అనే పేరుతో ఒక వేరియబుల్ పెట్టుకుని, దానికి ఒక జాబితాలో ఒకటి నుంచి మూడు దాకా ముక్క కోసి ఇస్తే, ఆ ముక్క మధ్య ఉన్న కోలన్ చూసి వేరియబుల్‌కు కీవర్డ్ రంగు వేస్తుంది. దీన్ని దిద్దాలంటే మరో షరతు చేర్చాలి, దానికి మరో మినహాయింపు వస్తుంది. విమ్ ఫైళ్లలో దిద్దుబాటు అంటే మినహాయింపు పక్కన మినహాయింపు పేర్చడం.

ట్రీసిట్టర్ పుట్టుక వేరు. గిట్‌హబ్‌లో ఉండగా మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ రాసిన ఈ పార్సర్ వ్యవస్థ 2018లో ఆటమ్ ఎడిటర్‌లోకి వచ్చింది. 2022 డిసెంబరులో ఆటమ్‌ను మూసేశారు. అప్పటికే నియోవిమ్ 0.5 దీన్ని లోపలికి తీసుకుంది, 2023లో ఈమాక్స్ 29 కూడా తీసుకుంది. ఇందులో రంగుల పని రెండు అంతస్తుల మీద జరుగుతుంది. కింద జావాస్క్రిప్ట్‌లో రాసిన గ్రామర్, దాన్నుంచి పుట్టే సీ పార్సర్. అది కోడ్‌ను నోడ్‌ల చెట్టుగా మారుస్తుంది. పైన క్వెరీ ఫైలు: ఈ రకం నోడ్‌కు ఈ పేరు, ఆ పేరుకు ఈ రంగు. ‘మ్యాచ్’ వాక్యం గ్రామర్‌లో ఒక నోడ్. ఆ మాట మామూలు పేరుగానూ రావచ్చని గ్రామర్‌లోనే అనుమతి ఉంది. పార్సర్‌కు రెండు దారులూ తెరిచి ఉంటాయి, అసలు వాక్యం ఏ దారిలో నిలబడితే అదే మిగులుతుంది. విలువ నాలుగు వరుసల కిందకు జారినా, ‘కేస్’ వేరియబుల్ అయినా తికమక లేదు. దిద్దుబాటు మినహాయింపుగా కాక ఒక వాక్యనిర్మాణంగా చేరుతుంది. ఇక్కడ విమ్ ఓడిపోయింది, సందేహం లేదు.

తప్పు విషయంలో మాత్రం అంత తేలిగ్గా తీర్పు చెప్పలేను. కోడ్‌లో ఒక కొటేషన్ మూయడం మరిచిపోతే విమ్‌లో కాలువకు గండి పడినట్టు స్ట్రింగ్ రంగు కిందికంతా పారుతుంది, మళ్లీ అలాంటి కొటేషన్ తగిలేదాకా. ట్రీసిట్టర్ తప్పును వీలైనంత చిన్న చోట కట్టడి చేసి, మిగతా చెట్టును కాపాడుకుంటుంది. సాంకేతికంగా రెండోదే మెరుగు. అయితే ఆ పారుడు కూడా ఒక సమాచారమే. ఎక్కడ మొదలైందో కళ్లకు కడుతుంది, కంపైలర్‌ను పిలవక్కర్లేదు. విమ్‌లో నేను సహించలేనిది వేరే ఉంది. పెద్ద ఫైలు మధ్యలోకి ఒక్కసారిగా దూకితే పైనుంచి ఏం జరిగిందో దానికి తెలియదు. కొన్ని వరుసలు వెనక్కి వెళ్లి ఆనవాలు వెతుక్కుంటుంది. పైథాన్ ఫైల్లో ఆ ఆనవాలు వరుస మొదట్లో కనిపించే ఫంక్షన్ లేదా క్లాస్ నిర్వచనం. మూడు కొటేషన్ల మధ్య ఉదాహరణకని అలాంటి వరుస ఒకటి రాసి ఉంటే చాలు, కోడ్ స్ట్రింగ్‌గా, స్ట్రింగ్ కోడ్‌గా తారుమారవుతాయి. అక్కడ తప్పు చేసింది కోడ్ రాసినవాడు కాదు, రంగు వేసినవాడు. ట్రీసిట్టర్ చెట్టును దగ్గర పెట్టుకుని మారిన భాగాన్నే మళ్లీ చదువుతుంది కాబట్టి ఈ బాధ దానికి లేదు.

ఇంత శాస్త్రీయమైన ఏర్పాటు పై అంతస్తుకు వచ్చేసరికి పాత అలవాటులో పడుతుంది. పైథాన్ క్వెరీ ఫైలు తెరిచి చూడండి. ఒక పేరు పెద్ద అక్షరంతో మొదలైతే కన్‌స్ట్రక్టర్, అన్నీ పెద్ద అక్షరాలైతే కాన్‌స్టంట్. ఇవి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లే, విమ్ వాడే సరుకే. పైథాన్‌లో కాన్‌స్టంట్ అనేది వ్యాకరణంలో లేదు, రాసేవాళ్ల మర్యాదలో ఉంది. మర్యాదను చెట్టు పట్టుకోలేదు, అక్షరాలను చూడాల్సిందే. పైథాన్ 3లో పేర్లు తెలుగులోనూ పెట్టొచ్చు. తెలుగులో పెద్ద అక్షరాలే లేవు. ‘గరిష్ఠం’ అని కాన్‌స్టంట్ పెట్టుకుంటే ఆ రంగు దానికి ఎప్పటికీ పడదు.

తెలుగు పేర్ల దగ్గరే రెండు సంప్రదాయాల వయసు తేడా బయటపడుతుంది. విమ్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో పేరును పట్టడానికి మామూలుగా వాడే సంకేతాలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కింది గీతకే పరిమితం. వాటితో రాసిన నియమానికి తెలుగు పేరు కనబడదు. ట్రీసిట్టర్ గ్రామర్ యూనికోడ్ చెప్పిన లక్షణాలతో పేరును నిర్వచిస్తుంది కాబట్టి గుణింతాలూ ఒత్తులూ సహా పేరు మొత్తాన్ని పట్టుకుంటుంది. (‘సాఫ్ట్‌వేర్’ అని పేరు పెట్టబోతే పైథానే అభ్యంతరం చెబుతుంది. పొల్లుకు, తర్వాతి అక్షరానికి మధ్య కంటికి కనబడకుండా కూర్చునే జోడింపు-నిరోధక అక్షరాన్ని అది ఒప్పుకోదు. ఆ గొడవ హైలైటింగ్‌ది కాదు.)

సీ భాషకు వస్తే ఇద్దరూ ఒకే గుంటలో పడతారు. రెండు పేర్ల మధ్య ఒక నక్షత్రం గుర్తు (*) ఉంటే అది గుణకారమా, పాయింటర్ ప్రకటనా? మొదటి పేరు టైపో కాదో తెలిస్తేనే చెప్పగలం. అది ఇంకో ఫైల్లో ఉండవచ్చు. వరుస చూసేవాడికీ, చెట్టు చూసేవాడికీ అది అందదు. 2020 చివర్లో వచ్చిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ 3.16లోని సెమాంటిక్ టోకెన్లు ఆ లోటు తీరుస్తాయి. ఎంతైనా అది భాష అర్థం తెలిసినవాడి సాయం, రంగుల నియమం గొప్ప కాదు.

నియమం ఎవరి చేతిలో ఉంది అన్నది నాకు పెద్ద ప్రశ్న. విమ్‌లో నచ్చని రంగు ఉంటే వాడుకరి తన సొంత ఫోల్డర్లో ఒక చిన్న ఫైలు పెట్టి, ఒక వరుస రాసి, మార్చుకోగలడు. ట్రీసిట్టర్‌లో క్వెరీని అలాగే పొడిగించుకోవచ్చు, ఆ నోడ్ ఉంటే. లేకపోతే గ్రామర్‌ను మార్చాలి, పార్సర్‌ను మళ్లీ పుట్టించాలి, కంపైల్ చేయాలి. ఎవరో గ్రామర్‌లో ఒక నోడ్ పేరు మారిస్తే నిన్నటిదాకా పనిచేసిన క్వెరీ, ఫైలు తెరవగానే ఎర్రర్ చూపుతుంది. విమ్ నియమానికి అలాంటి చావు లేదు, పాతబడి తప్పు రంగు వేస్తూ బతుకుతుంది. ఏది నయమో ఒకే మాటలో చెప్పను. రోజూ దిద్దుకునేవాడికి విమ్ అనుకూలం, ఆ తీరిక లేనివాడికి ట్రీసిట్టర్.

చెట్టు ప్రతి నోడ్‌కూ పేరు పెట్టింది కదా అని బ్రాకెట్లకూ, కామాలకూ, ప్రతి వేరియబుల్‌కూ రంగు పూసే క్వెరీలు నాకు చికాకు. విమ్ పైథాన్ ఫైలు మామూలు వేరియబుళ్లనూ విరామ చిహ్నాలనూ తెల్లగా వదిలేస్తుంది. అది పేదరికం వల్ల వచ్చిన పొదుపే కావచ్చు, చదవడానికి మాత్రం హాయి. రంగు ఖర్చు పెట్టదగ్గ చోటు ‘కేస్’ వెనకే ఉంది. అక్కడ ఒంటరి పేరు రాస్తే పైథాన్ దానితో పోల్చదు, వచ్చిన విలువను ఆ పేరులోకి ఎత్తుకుంటుంది. చుక్కతో కలిపిన పేరు రాస్తేనే పోల్చి చూస్తుంది. కొత్తవాళ్లే కాదు, పాతవాళ్లూ ఇక్కడ దెబ్బతింటారు. ఒంటరి పేరుకు పారామీటర్ రంగు, చుక్కల పేరుకు మామూలు రంగు వేస్తే తప్పు రాస్తుండగానే కనబడుతుంది. విమ్ నమూనా దీన్ని అతి సాదా ‘కేస్’లో పట్టగలదు, బ్రాకెట్లలో బ్రాకెట్లు వస్తే వదిలేస్తుంది. ట్రీసిట్టర్‌లో రెండూ ఒకే రకం నోడ్ కింద ఉంటాయి. ఆ నోడ్‌లో పేరు ఒక్కటే ఉందా అని అడిగితే చాలు, ఎంత లోతులో ఉన్నా తేలిపోతుంది. క్వెరీలో అది రెండు వరుసల పని.