పత్తాల గారడీకి పుస్తకమేదీ?

అమ్మాయి వీణ నేర్చుకుంటానంటే మురిసిపోయే యిల్లు, పేకముక్కలతో మేజిక్ నేర్చుకుంటానంటే మాత్రం ఉలిక్కిపడుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు వాటిని పత్తాలంటారు. పత్తాలు పట్టినవాడు పొలం అమ్ముకున్నాడని ప్రతి యింట్లోనూ ఒక కథ వుంటుంది, ఆ కథకు తగ్గ మేనమామో పెదనాన్నో కూడా వుంటాడు. అందుచేత పిల్లలు పుస్తకం అడిగితే మనం చేసేవి రెండే పనులు. ఒకటి కసరటం, రెండోది పోరు పడలేక బస్టాండులో చేతికి దొరికింది కొనెయ్యటం. రెండోదే యెక్కువ నష్టమని నేనంటాను.

ఆ పల్చటి పుస్తకాల సంగతి మీకు తెలియంది కాదు. నిమ్మకాయలోంచి రక్తం రప్పించటం దగ్గర్నుంచి నోటు మాయం చెయ్యటం దాకా అన్నీ అందులోనే. పేకముక్కలకు నాలుగు పేజీలు దక్కితే గొప్ప. ముక్కను నేర్పుగా పైకి తేవలెను అన్న ధోరణిలో సాగుతుంది. ఆ నేర్పు రాకనే కదండీ పుస్తకం కొన్నది! వంటల పుస్తకంలో సాంబారు రుచిగా కాచవలెను అని రాసి వదిలేసినట్టుంటుంది.

ఇరవయ్యొక్క ముక్కల ఆట మీలో చాలామందికి వచ్చేవుంటుంది. మూడు వరసలుగా ఏడేసి ముక్కలు పరచటం, తలచుకున్న ముక్క యే వరసలో వుందో అడిగి ఆ వరసను మధ్యన పెట్టి ఎత్తటం. అలా మూడుసార్లు చేస్తే అది పదకొండో ముక్కయి కూర్చుంటుంది. మొదటిసారికి 8 నుంచి 14 లోపల పడుతుంది, రెండోసారికి 10, 11, 12 లో ఒకటవుతుంది, మూడోసారికి యిక వేరే చోటుండదు. ఇందులో కనికట్టు లేదు, లెక్కే. చిక్కల్లా యెక్కడంటే, మూడుసార్లు ముక్కలు పరుస్తుంటే చూసేవాళ్ళు వంటింట్లోకి లేచిపోతారు. మంచి పుస్తకం రహస్యం చెప్పి వూరుకోదు, ఆ విసుగును యే కబుర్లతో కప్పాలో కూడా చెబుతుంది. నేను పుస్తకాన్ని కొలిచేది అక్కడే.

ఆ కొలతకు మొదటి మెట్టుగా నిలిచేది కార్ల్ ఫుల్వ్స్ 1976లో వెలువరించిన ‘సెల్ఫ్ వర్కింగ్ కార్డ్ ట్రిక్స్’. డెబ్భై రెండు ఆటలు, అన్నీ లెక్కమీదా అమరిక మీదా నడిచేవే. చేతివాటం అక్కర్లేదు. ఇంగ్లీషు పుస్తకమే అనుకోండి. అమ్మ చదివి చెబుతుంటే పిల్ల చేతులు చేసుకుపోతాయి, నాలుగు రోజులయ్యేసరికి అమ్మ చేతులు కూడా వూరుకోవు.

తర్వాత తప్పకుండా ‘రాయల్ రోడ్ టు కార్డ్ మేజిక్’. జాన్ హ్యూగార్డ్, ఫ్రెడరిక్ బ్రావ్ కలిసి రాసింది, 1948 నాటిది. పాతదే, కానీ యింత ఓపికగల పంతులు అరుదు. పేక కలపటంతోనే మొదలుపెడతాడు. కలుపుతున్నట్టే కలుపుతూ పై ముక్కను కిందికి, కింది ముక్కను పైకి చేర్చటం నేర్పిస్తాడు. ఆ ఒక్క విద్యతో చెయ్యగల ఆటలు అక్కడే చెప్పి, అప్పుడుగానీ రెండో విద్య ముట్టుకోనివ్వడు. సరళీ స్వరాలు రాకుండా కీర్తన చెప్పని మేష్టారి పద్ధతన్నమాట. తొందరపడే పిల్లలకు మొదట్లో కోపమొస్తుంది. రానివ్వండి.

హైదరాబాదు బాబాయి పంపేది మాత్రం యీ రెండూ కాదు, యెక్కువ పేరున్నది పంపుతాడు. ఎస్. డబ్ల్యు. ఎర్డ్‌నేజ్ పేరుతో 1902లో చికాగోలో అచ్చయిన ‘ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్’. ఆ మనిషి అసలు పేరేమిటో యీనాటికీ తేలలేదు. డబ్బు అవసరమై రాశానని ముందుమాటలో సిగ్గుపడకుండా చెప్పుకున్నాడు. పెద్ద విద్వాంసులు కళ్ళకద్దుకునే గ్రంథమే, కాదనను. కానీ సగం పుస్తకం జూదంలో యెదుటివాణ్ణి ముంచే విద్య, వాక్యాలు కొరుకుడుపడవు. పదేళ్ళ పిల్లకు అది పుస్తకం కాదు. అమ్మకు మాత్రం మూడు ముక్కల మోసం గురించి రాసిన పేజీలు పనికొస్తాయి. ఒక్క చేతిలో ఒకదాని మీద ఒకటిగా రెండు ముక్కలు పట్టుకుంటాడు. కిందిదే ముందు పడుతుందని మన కన్ను నమ్ముతుంది, అతను పైదాన్ని జారవిడుస్తాడు. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు వెళ్ళొస్తూ దారిలో అలాంటి గుంపు కనబడినా, ఆ పేజీలు చదివినవాళ్ళు కొంగుముడి విప్పరు.

రాబెర్టో జాబీ రాసిన ‘కార్డ్ కాలేజ్’ అయిదు సంపుటాలు. ఇంగ్లీషులో మొదటిది 1995లో వచ్చింది. అంత వివరంగా చెప్పినవాడు లేడు, ఖరీదూ దానికి తగ్గట్టే వుంటుంది. రాయల్ రోడ్ అట్ట నలిగాక కొనచ్చు.

పాత పుస్తకాలన్నిటి మీదా నాదో ఫిర్యాదు. చదివేవాడు కోటు తొడుక్కున్న మగవాడే అనుకుని రాశారు. ముక్క కోటు జేబులో వెయ్యమంటారు, పంట్లాం జేబులోంచి తియ్యమంటారు. చీరకట్టుకున్న మనిషి యెక్కడ వెయ్యాలో ఒక్కరూ చెప్పరు. లండన్‌లోని మేజిక్ సర్కిల్ 1905లో పుట్టింది, స్త్రీలను 1991 దాకా గడప తొక్కనివ్వలేదు. సోఫీ లాయిడ్ అనే ఆవిడ మగవేషంలో, రేమండ్ అన్న పేరుతో పరీక్ష నెగ్గి సభ్యత్వం సంపాదించింది. స్త్రీలకు తలుపు తెరిచారని విని నిజం చెబితే, మోసం చేశావని వెళ్ళగొట్టారు. కనికట్టే వృత్తిగా బతికేవాళ్ళకు మోసమంటే యెంత కోపమో చూడండి! మళ్ళీ పిలిచి సభ్యత్వమివ్వటానికి 2025 దాకా పట్టింది.

ఇంకొక్క మాట. పోకర్ సైజు పేక వెడల్పు రెండున్నర అంగుళాలు, బ్రిడ్జి సైజుది రెండుంబావు. చిన్న చేతులకు రెండోదే కొనండి. పుస్తకాలు ఇంటికి తెప్పించుకోవచ్చు, లేదా సూర్యాపేట వాళ్ళు కోఠీలోనూ కోదాడ వాళ్ళు విజయవాడ లెనిన్ సెంటర్ దగ్గరా పాత పుస్తకాల్లో వెతుక్కోవచ్చు. మిర్యాలగూడ వాళ్ళకు రైలుంది, యెటైనా పోవచ్చు. రాయల్ రోడ్ పాత ప్రతి దొరికినా ఫరవాలేదు, చేతుల బొమ్మలున్న పేజీలు చిరిగాయేమో చూసుకుని మరీ తీసుకోండి.