రాధికాసాంత్వనము - నాగరత్నమ్మగారి పీఠిక

స్త్రీల హక్కులను గూర్చిన వాదము తెలుగునాట సభావేదికలపై మాత్రమే జరుగలేదు. ఒక ప్రబంధపు పీఠికలోను జరిగినది. 1910లో చెన్నపురి వావిళ్లవారు ప్రకటించిన రాధికాసాంత్వనమునకు బెంగళూరు నాగరత్నమ్మగారు వ్రాసిన పీఠిక యట్టిది. దానికి మన విమర్శచరిత్రలో తగిన స్థానము దక్కలేదని మా యభిప్రాయము.

గ్రంథకర్త్రి ముద్దుపళని తంజావూరి ప్రతాపసింహుని (1739-1763) ఆస్థాన విదుషి. ప్రబంధము నాలుగాశ్వాసములు, 584 పద్యములు. తాను పెంచిన ఇళాదేవిని తానే శ్రీకృష్ణునకు పెండ్లి చేసిన రాధ, పిదప విరహమును సైపలేక యలుగుట, కృష్ణుడు వచ్చి యామె నూరడించుట యిందలి కథ. అలుక తీర్చు ఘట్టములు మన కావ్యములకు క్రొత్తవి కావు. కాని యిచట దాత్రియు, బాధితురాలును ఒక్కతెయే. ఆ రెంటి నడుమ నలిగిన మనస్సే కావ్యవస్తువు. శృంగారము మితిమీరిన తావులు లేవని మేమనము. అట్టి తావులు పురుషకవుల ప్రబంధములలో లేవని యెవ్వరును అనజాలరు.

వీరేశలింగం పంతులుగారు కవుల చరిత్రలో నీ కావ్యమును నిందించిరి. ఇందలి కొన్ని భాగములు స్త్రీలు వినదగినవి కావనియు, స్త్రీ నోట రాదగినవి కావనియు వారి తీర్పు. నాగరత్నమ్మగారు పీఠికలో అడిగినది సూటియైన ప్రశ్న: సిగ్గును, ఔచిత్యమును ఆడువారికి మాత్రమేనా, మగవారికి వలదా? ఇది కేవలము ఆక్షేపణ కాదు, విమర్శసూత్రము. కావ్యమునకు కొలత యొక్కటే యుండవలెను. కవి స్త్రీయైనంత మాత్రమున అది మారరాదు.

1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించిన మహనీయుడే యీ తీర్పు చెప్పుట ఆలోచింపదగినది. ఆనాటి సంస్కరణము గృహిణిని, వితంతువును ఆదుకొన్నది. దేవదాసీ కుటుంబమున బుట్టిన విదుషి మాటకు మాత్రము చెవియొగ్గలేదు. జాలి వేరు, హక్కు వేరు. జాలి పొందునది వినవలెను. హక్కు గలది మాటాడును. నాగరత్నమ్మగారు మాటాడిరి.

దాని ఫలము కఠినమైనది. 1911లో ప్రభుత్వము గ్రంథమును అశ్లీలమని నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారి పూనికచే 1947లో గాని యా నిషేధము తొలగలేదు.

ఇదే పోరు తిరువయ్యారులో మరల కనబడును. త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించినది నాగరత్నమ్మగారే; అయినను ఆరాధనలో స్త్రీలకు పాడు అవకాశము లేకపోయెను. ఆమె స్త్రీల పక్షము నేర్పరచి వేరుగ ఆరాధన నడపిరి. 1940లో పక్షములు ఏకమైనవి. పీఠికలో అడిగినదియు, ఆలయమున సాధించినదియు ఒక్కటే: కొలువులో సమానస్థానము.

నంజనగూడున బుట్టి, చెన్నపురిలో నిలిచి, తంజావూరి తెలుగు కావ్యమునకు ప్రాణము పోసిన యీమెను మనము గాయనిగ, దాతగ మాత్రమే స్మరించుచున్నాము. పరిష్కర్త్రిగ, విమర్శకురాలిగ స్మరింపవలెను. ఆంధ్రదేశమునకు వెలుపల నున్న మన సంఘములలో స్త్రీలకు పాటకును, హారతికిని పిలుపు వచ్చును. గ్రంథపరిష్కరణమునకు, నిర్ణయసభకు ఎంతమందికి వచ్చుచున్నది? ఈ ప్రశ్న నడుగని స్మరణోత్సవము ఆమెకు తగిన గౌరవము కాదు.