డీజిల్ ఫిల్టరు మార్చే చేయి

విజయవాడ ఆటోనగర్‌లో మంచి ఇంజిన్ మేస్త్రీల పేర్లు పక్క జిల్లాల్లో కూడా తెలుస్తాయి. గేరుబాక్సు విప్పేవాళ్లను, ఇంజెక్టర్లు చూసేవాళ్లను అడిగి కనుక్కుని మరీ వెళతారు. డీజిల్ ఫిల్టరు మార్చడానికి మాత్రం ఎవరూ ఎవరి పేరూ అడగరు. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడికి అప్పజెప్పే పని అది. పాతది విప్పు, కొత్తది బిగించు, తాళం తిప్పు. ఈ పనికి ఇంతకంటే చాలా ఎక్కువ గౌరవం దక్కాలని నా నమ్మకం. దీన్ని బాగా చేసే మనిషి పక్కన నిలబడి చూస్తే, మెకానిక్ విద్యలో బిగింపు ఎంత ముఖ్యమో శుభ్రం అంతకంటే ముఖ్యమని తెలుస్తుంది.

ముందు ఆ వస్తువు సంగతి. మన ఊళ్లలో ట్రావెల్స్ బండి అంటే గుర్తొచ్చే పాత ఇన్నోవానే తీసుకుందాం. 2005లో మన దేశంలోకి వచ్చిన ఆ బండిలో 2,494 సీసీ డీజిల్ ఇంజిన్ ఉంటుంది. బానెట్ ఎత్తితే గుప్పిట్లో పట్టీపట్టనంత రేకు డబ్బా ఒకటి తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తుంది. దాన్ని కోసి చూస్తే లోపల ఉండేది కాగితం. సెల్యులోజ్ నారకు రెజిన్ పట్టించి, వేడితో గట్టిపరిచి, చీర కుచ్చిళ్లలా సన్నగా మడిచి గుండ్రంగా చుట్టిన కాగితం. ఆ మడతల్లోనే పనితనమంతా ఉంది. చిన్న డబ్బాలో వీలైనంత పెద్ద కాగితం పట్టాలి. కాగితం వైశాల్యం పెరిగిన కొద్దీ డీజిల్ నెమ్మదిగా, ఒత్తిడి లేకుండా దాటుతుంది, మురికి నిలవడానికి చోటూ ఎక్కువ దొరుకుతుంది. మడతకూ మడతకూ మధ్య ఎడం సమానంగా ఉండాలి. రెండు మడతలు అంటుకున్నాయంటే అక్కడి కాగితం ఉన్నా లేనట్టే.

ఇంకా సున్నితమైన చోటు రెండు చివర్లా ఉన్న మూతల దగ్గర. కాగితాన్ని అక్కడ జిగురుతో అతికిస్తారు. ఆ అతుకులో సన్నని సందున్నా డీజిల్ కాగితం జోలికి పోకుండా ఆ దారినే వెళ్లిపోతుంది. నకిలీ ఫిల్టర్ల గుట్టు బయటపడేది ఇక్కడే. బయట రంగు, పెట్టె మీద అచ్చు అచ్చం అసలుదానిలాగే ఉంటాయి. కోసి చూస్తే మడతలు తక్కువ, ఎడం ఒక తీరున ఉండదు, జిగురు అక్కడక్కడా వదిలేసి ఉంటుంది.

నీటి పని కూడా ఈ డబ్బాదే. మురికి డీజిల్ అంచు రంధ్రాల్లోంచి దిగి, కాగితాన్ని బయటి నుంచి లోపలికి దాటి, నడిమి రంధ్రం గుండా పంపుకు వెళుతుంది. కాగితానికి నీరంటని గుణం ఇవ్వడం వల్ల డీజిల్‌లోని సన్నని నీటి తుంపరలు బయటే ఆగి, ఒకదానితో ఒకటి కలిసి బొట్లవుతాయి. మన బంకుల్లో దొరికే డీజిల్ లీటరు 850 గ్రాములు కూడా తూగదు, నీళ్లు కిలో తూగుతాయి. అందుకని బొట్లు అడుక్కి దిగిపోతాయి. అక్కడ నీటిని కనిపెట్టే సెన్సారు కాచుకుని ఉంటుంది. నీటి మట్టం దాని దాకా పెరగగానే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, డీజిల్ పంపు పుట్టినప్పటి నుంచీ దానికి మురికే శత్రువు. బాష్ కంపెనీ 1927లో డీజిల్ ఇంజెక్షన్ పంపుల తయారీ మొదలుపెట్టింది. మన దగ్గర 1951లో ఆ పంపులు చేసే మైకో కంపెనీ వచ్చాక చాలా లారీలకు అవే. ఆ రోజుల లారీలకు రెండేసి ఫిల్టర్లు ఉండేవి, మొదటిది గుడ్డది, రెండోది కాగితానిది. ఆ పంపులు కాస్త మురికినైనా ఓర్చుకునేవి. 1995లో డెన్సో కంపెనీ లారీలకు కామన్ రైల్ తెచ్చి, 1997లో ఆల్ఫా రోమియో 156తో అది కార్లలోకీ వచ్చాక ఆ ఓర్పు పోయింది. ఇందులో డీజిల్ వెయ్యి బార్ దాటిన ఒత్తిడితో ఒక ఉక్కు గొట్టంలో నిలిచి ఉంటుంది. ఇంజెక్టరు లోపల కదిలే భాగాల మధ్య సందు రెండు నుంచి నాలుగు మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటుంది. ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టరు నిమిషానికి కనీసం వెయ్యిసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. కంటికి కనిపించని ఇసుక రేణువు ఆ సందులో పడితే వెయ్యిసార్లూ గీస్తుంది.

ఎప్పుడు మార్చాలన్నదానికి మొదటి జవాబు బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. డీజిల్ కార్లకు సాధారణంగా 20,000 నుంచి 40,000 కిలోమీటర్ల మధ్య రాసి ఉంటుంది. మట్టి రోడ్ల మీద తిరిగే బండికి, డ్రమ్ముల్లోంచి డీజిల్ పోయించుకునే బండికి అంతకన్నా ముందే మార్చాలి. ట్యాంకును ఎప్పుడూ సగం ఖాళీగా ఉంచేవాళ్లకూ ఇదే మాట, ముఖ్యంగా వానాకాలంలో. ఖాళీ భాగంలోని గాలిలో తేమ రాత్రి చల్లబడి నీళ్లై దిగుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య బూజు జాతి జీవులు పెరిగి నల్లటి జిగటను తయారుచేస్తాయి.

పుస్తకం చెప్పిన గడువు కన్నా ముందే బండి చెప్పడమూ ఉంది. నిండా మనుషులతో ఘాట్ ఎక్కేటప్పుడు, యాక్సిలేటర్ తొక్కినా బండి లాగదు. మామూలు రోడ్డు మీద బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ కావలసిన కొద్ది డీజిల్ మూసుకుపోయిన కాగితం నుంచీ వస్తుంది. స్కానర్ పెడితే రైల్ ఒత్తిడి చాలడం లేదని పి0087 కోడ్ రావచ్చు. మంచి మేస్త్రి ఆ కోడ్ చూడగానే ఫిల్టరు తెమ్మనడు. గాలి లాగుతున్న పైపు, అలసిన పంపు, కారుతున్న ఇంజెక్టరు కూడా అదే కోడ్ ఇస్తాయి. అయినా మొదట ఫిల్టరునే చూస్తాడు, ఖర్చు తక్కువ కాబట్టి.

ఇక చేతి పని. నేను చూసి మెచ్చుకున్న మేస్త్రి ఒకాయన ఇన్నోవా బానెట్ ఎత్తగానే పానా పట్టుకోలేదు. ఇంజిన్ చల్లారనిచ్చాడు. తరవాత కుర్రాణ్ని పిలిచి, “ఒరేయ్, ముందు చుట్టూ కడుగు” అన్నాడు. “ఎలాగూ విప్పేదే కదా బాబాయ్” అన్నాడు వాడు. “విప్పాక కడిగితే ఆ మట్టి ఎక్కడికి పోతుందిరా?” అన్నాడాయన. కుంచె పెట్టి, డబ్బా బిగుసుకునే ఫిల్టరు తల చుట్టూ పేరుకున్న జిడ్డు మట్టిని వదిలించి, గాలి కొట్టించి, ఆ తరవాత ఆయన సబ్బుతో చేతులు కడుక్కొచ్చాడు. కాటన్ వేస్టును దగ్గరికి రానివ్వలేదు. దాని నూలు పోగులు ఊడి పైపుల్లో పడతాయి. ఉతికి ఆరేసిన, నూగు రాని గుడ్డ వేరే పెట్టుకున్నాడు. కొత్త ఫిల్టరును చివరి నిమిషం దాకా పెట్టెలోంచి తీయలేదు.

విప్పడానికి ముందు సెన్సారు వైరు ఊడదీశాడు. అది మరిచిపోతే డబ్బా తిరిగినప్పుడల్లా వైరు మెలిపడి తెగుతుంది. కింద గిన్నె పెట్టి, చుట్టూ ఉన్న రబ్బరు పైపుల మీద గుడ్డ కప్పి, బెల్టు పానాతో వదులు చేసి, డీజిల్‌తో నిండి బరువుగా ఉన్న డబ్బాను ఒలకకుండా నిటారుగా దించాడు. దించీ దించగానే పైన వేలు పెట్టి తడిమాడు. పాత రబ్బరు రింగు ఒక్కోసారి తలకే అంటుకుని ఉండిపోతుంది. అది చూడకుండా కొత్తది ఎక్కిస్తే రింగు మీద రింగు పడి ఎక్కడో ఒకచోట సందు మిగులుతుంది.

పాత డబ్బా అడుగు నుంచి సెన్సారు తీసి, శుభ్రంగా తుడిచి, కొత్త ఓరింగుతో కొత్త డబ్బాకు చేత్తోనే బిగించాడు. పై రింగుకు వేలితో శుభ్రమైన డీజిల్ రాశాడు. అక్కడ ఆయన చేయని పని ఒకటుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. కొత్త ఫిల్టరులో డీజిల్ పోయలేదు. పాత లారీ మేస్త్రీలందరూ పోసేవారు, త్వరగా స్టార్ట్ అవుతుందని. కామన్ రైల్ బండికి అది చేటు. నడిమి రంధ్రంలో పోసిన డీజిల్ కాగితాన్ని దాటనవసరం లేకుండా నేరుగా పంపులోకి పోతుంది. క్యాన్‌లోని మురికి, గరాటాకు అంటిన దుమ్ము అన్నీ దానితోపాటే. శుభ్రమైన వైపున ఫిల్టరు వడకట్టని చుక్క ఒక్కటి కూడా పడకూడదన్నది ఆయన నియమం.

రింగు తలకు ఆనేదాకా తిప్పి, అక్కడి నుంచి ముప్పావు చుట్టు చేత్తో బిగించి ఆపాడు. బెల్టు పానా మళ్లీ ముట్టలేదు. బలం కొద్దీ బిగిస్తే రింగు పక్కకు పొంగుతుంది, మళ్లీ మార్చేటప్పుడు డబ్బా నలిగినా ఊడిరాదు.

తరవాత ఎయిర్ తీయడం. ఇన్నోవా ఫిల్టరు తల మీద నొక్కే చేతి పంపు ఉంటుంది. మొదట మెత్తగా, ఏమీ లేనట్టు దిగుతుంది. నొక్కగా నొక్కగా గాలి వెళ్లి డీజిల్ నిండి బొటనవేలికి ఎదురు తిరగడం మొదలవుతుంది. చివరికి ఇక దిగనంటుంది. ఆ గట్టిదనం తెలియడానికి కొలత పరికరమేదీ లేదు, బొటనవేలే కొలత. కుర్రాడి వేలు పెట్టించి, “ఇంకా రెండు నొక్కు… ఇప్పుడు చూడు” అని చెప్పడంలోనే ఈ విద్య ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళుతోంది. తొందరపడి సెల్ఫ్ కొట్టేవాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. హై ప్రెషర్ పంపుకు వేరే నూనె లేదు, డీజిలే దానికి నూనె. గాలితో తిరిగిన ప్రతి చుట్టూ లోహం మీద లోహం రాసుకోవడమే. ఆయన పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టనివ్వడు. ఇంజెక్టరు పైపు నట్లు వదులు చేసి ఎయిర్ తీసే పాత పద్ధతి ఈ బండ్ల దగ్గర తలపెట్టనే కూడదు. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దూరుతుంది, ఆపరేషన్ దాకా తెస్తుంది. కొత్త తరం కార్లలో చాలావాటికి ట్యాంకులోనే కరెంటు పంపు ఉంటుంది. వాటికి తాళం ఆన్ చేసి ఆపి, లేదా స్కానర్‌తో పంపు నడిపించి ఎయిర్ తీస్తారు.

స్టార్ట్ అయ్యాక కారుతోందా అని అందరూ చూస్తారు. ఇన్నోవా లాంటి బండికి అంత చూస్తే చాలదు. ఇందులో పంపే డీజిల్‌ను ట్యాంకు నుంచి పీల్చుకుంటుంది, కనుక ఇంజిన్ నడుస్తున్నంతసేపూ ఫిల్టరులో ఉండేది పీల్పు. రింగు దగ్గర సందుంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. చుక్క కూడా కారదు. రాత్రంతా ఆ సందులోంచి గాలి చేరి, డీజిల్ ట్యాంకుకు జారిపోతుంది. అందుకే ఆయన డ్రైవరుతో, “పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి అందుకుందో లేదో ఫోన్ చేసి చెప్పు తమ్ముడూ” అన్నాడు. ఆయన లెక్కలో ఆ ఫోన్ వచ్చేదాకా పని పూర్తి కాలేదు.

పెట్రోలు కార్ల సంగతి వేరు. ఇప్పటివాటిలో చాలావరకు ఫిల్టరు ట్యాంకులోని పంపుతోపాటే ఉంటుంది, గడువంటూ రాయరు. పైపు మధ్యలో ఫిల్టరున్న పాత ఇంజెక్షన్ కార్లలో ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడిపి ఒత్తిడి తగ్గించాలి. బ్యాటరీ వైరు తీయాలి. ఫిల్టరు మీది బాణం గుర్తు ఇంజిన్ వైపు ఉండాలి. చుట్టుపక్కల నిప్పన్నది ఉండకూడదు.

పాత ఫిల్టరు చెత్తబుట్టకు పోయే ముందు ఆయన చేసే పని ఇంకొకటుంది. అందులోని డీజిల్‌ను గాజు సీసాలోకి వంచి కాసేపు కదపకుండా ఉంచుతాడు. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు విడిగా తెలుస్తాయి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి మునిగిన బండ్లలాంటివాటికి ఫిల్టరొక్కటే మార్చి పంపితే లాభం లేదు, ట్యాంకు దించి కడగాల్సిందే. తరవాత డబ్బా కోస్తాడు. దీనికి హ్యాక్సా వాడడు. రంపపు పొడి లోపల రాలితే పంపు అరిగిన పొడి ఏదో, రంపపు పొడి ఏదో తేలదు. పైపులు కోసే చక్రపు కట్టరులాంటిదాన్ని చుట్టూ తిప్పి మూత ఊడదీస్తాడు. మడతలు విప్పి వెలుతురులో చూస్తాడు. ఎర్రటి పొడి ఉంటే తుప్పు. నల్లటి జిగట ఉంటే ట్యాంకులో నీళ్లు నిలిచి చాన్నాళ్లయింది. వెండిలా మెరిసే నలుసులు కనిపిస్తే మాత్రం ఎక్కడో లోహం అరుగుతోందన్నమాట. పంపు పొడి ఇంజెక్టర్ల నుంచి మిగిలిన డీజిల్‌తోపాటు ట్యాంకుకు తిరిగొచ్చి ఇక్కడ చిక్కుకుంటుంది. అప్పుడు కొత్త ఫిల్టరు బిగించి బండి పంపేయడం ఆయనకు చేతకాదు. పంపు విప్పాలని, రైల్, ట్యాంకు కడగాలని, ఖర్చు బాగా అవుతుందని అక్కడే ముఖం మీద చెబుతాడు. ఫిల్టరు మార్పించుకునే ప్రతివాళ్లూ పాతదాన్ని కోసి చూపించమని అడగాలి. మంచి మేస్త్రి ఆ మాటకు విసుక్కోడు, కట్టరు అందుకుంటాడు.