తుమ్మపూడికి తిరిగొచ్చిన మనిషి

కర్లపాలెంలో మా ఇంటి అరుగు మీద, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, సంజీవదేవ్ ఆత్మకథ ‘తుమ్మపూడి’ మళ్లీ తెరిచాను. ఫోన్లో చార్జింగ్ అయిపోయింది కాబట్టే పుస్తకం గుర్తొచ్చిందని ఒప్పుకోవాలి.

సంజీవదేవ్‌ది (1914–1999) తెనాలికి దగ్గర్లో, దుగ్గిరాల పక్కనున్న తుమ్మపూడి. చిత్రకారుడు, వ్యాసకర్త. కుర్రతనంలో హిమాలయాలు తిరిగారు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ దగ్గర ఉన్నారు. మనమైతే అక్కడ నాలుగు ఫోటోలు దిగి, ‘ప్రశాంతత దొరికింది’ అని పోస్టు పెట్టేస్తాం. ఆయన ఊరికి తిరిగొచ్చారు. రాయడం, బొమ్మలేయడం ఆ పల్లెలోనే కొనసాగించారు. మంచుకొండల్ని చూసిన కళ్లతోనే సొంతూరి చెట్టునూ మబ్బునూ చూడగలగడం ఈ పుస్తకం అసలు బలం.

ఒక పేచీ మాత్రం ఉంది. వాక్యం ఒక్కోచోట మరీ నునుపెక్కి, బాధ కూడా అందంగానే కనిపిస్తుంది. ఇదంతా తీరికున్నవాళ్ల శాంతి కాదా? ఈ.ఎమ్.ఐ.లు కట్టేవాళ్లకి కుదిరేదేనా? నాకూ ఈ అనుమానం వచ్చింది, పూర్తిగా పోలేదు కూడా. కానీ ఆయన తలుపేసుకుని కూర్చున్న మనిషి కాదు. దేశవిదేశాల్లోని స్నేహితులకి జీవితమంతా ఉత్తరాలు రాశారు. ఆ ఉత్తరాలూ సాహిత్యమే అయ్యాయి. ఒక మనిషి కోసం కాసేపు కుదురుగా కూర్చోవడానికి ఎస్టేటు అక్కర్లేదు.

సెలవు పెట్టి కొండలకు పోయేముందు ఈ పుస్తకం చదవండి. తిరిగొచ్చాక ఇంకోసారి చదవండి.