లేపి నడిపించే చేతులు
కాలేయంలోని క్యాన్సర్ గడ్డను కోసి తీసిన సర్జన్ పేరు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. మర్నాడు రోగిని లేపి నడిపించిన నర్సు పేరు ఎందరికి తెలుసు?

ఒకప్పుడు ఆపరేషన్ అంటే అర్ధరాత్రి నుంచే కడుపు మాడ్చడం, తర్వాత రోజుల తరబడి పడక. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో ఈ అలవాట్లను ప్రశ్నించారు. ఆ ఆలోచనే విస్తరించి, 2016లో కాలేయ శస్త్రచికిత్సకూ మార్గదర్శకాలు వచ్చాయి. సాధారణంగా మత్తుకు 2 గంటల ముందు వరకూ నీళ్లు తాగవచ్చు. ముక్కులో గొట్టం అందరికీ అక్కర్లేదు. తిండి, నడక త్వరగా మొదలవ్వాలి.

ఈ మాటలను ఆచరణలో పెట్టేది వార్డు సిబ్బందే. నొప్పి ఎంతుందో అడిగి, నడకకు ముందే మందు అందేలా చూస్తారు. సెలైన్ స్టాండు, మూత్రం సంచీ సర్ది, మంచం అంచున కాసేపు కూర్చోబెట్టి, కళ్లు తిరగడం లేదని తేల్చుకున్నాకే "లేవండి బాబాయ్, నేను పట్టుకున్నాగా" అంటారు. ఫిజియోథెరపిస్టు కుట్ల మీద దిండు అదిమి దగ్గడం నేర్పుతారు. కఫం పేరుకోకుండా ఉండేందుకు. పచ్చబడే కళ్లు, మగత, జ్వరం వంటి ప్రమాద సూచనలను తరచూ ముందుగా పసిగట్టేదీ వాళ్లే.

మిగిలిన కాలేయం తిరిగి పెరగగలదు. ఆ లోగా మనిషి బలం సడలకుండా కాచే ఈ పనితనానికి, సర్జన్ నైపుణ్యానికి ఇచ్చినంత గౌరవమూ దక్కాలి.