కొక్కేన్ని చూసి రాడ్ ఎంచుకోవాలి

బాస్ చేప ఎరను కొరికి పట్టుకోదు. పెద్ద నోరు ఒక్కసారిగా తెరిచి, చుట్టూ ఉన్న నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. అది తిండి కాదని తెలిసిందా, అంతే వేగంగా ఊసేస్తుంది. పీల్చడానికీ ఊసేయడానికీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధిలోనే కొక్కెం నాటుకోవాలి. ఏ లూర్‌కి ఏ రాడ్ అన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు మంచినీటి చేప ఇది. అక్కడ దీన్ని లూర్‌లతో, అంటే బొమ్మ ఎరలతో, పట్టడం తరాలుగా సాగుతున్న విద్య. చాలామంది ముందు నచ్చిన రాడ్ కొనుక్కుని, దానికి తగిన లూర్‌లు తర్వాత వెతుక్కుంటారు. నా దృష్టిలో అది తలకిందుల పద్ధతి. ముందు లూర్‌ని చేతిలోకి తీసుకుని దాని కొక్కెం చూడాలి. లావా, సన్నమా? ఒంటిదా, మూడు ముళ్లదా? బయటికి కనిపిస్తోందా, ప్లాస్టిక్‌లో దాగి ఉందా?

ఇక రాడ్ సంగతి. దాని మీద పవర్, యాక్షన్ అని రెండు గుణాలు రాసి ఉంటాయి. వంచడానికి ఎంత బలం కావాలో పవర్ చెబుతుంది: లైట్, మీడియం లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ. ఎక్కడ వంగుతుందో యాక్షన్ చెబుతుంది. ఫాస్ట్ రాడ్ కొస దగ్గరే వంగుతుంది; మోడరేట్ రాడ్ దాదాపు నడుము దాకా వంగుతుంది. కొత్తవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు. నిజానికి హెవీ రాడ్లలోనూ నడుము దాకా వంగేవి ఉన్నాయి.

అన్ని లూర్‌లలోకీ రాడ్ విషయంలో ఎక్కువ పేచీ పెట్టేది క్రాంక్‌బెయిట్. బాల్సా చెక్కతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న చేప బొమ్మ అది. మూతి దగ్గర ఒక పలక ఉంటుంది. రీల్ చుడుతుంటే నీటి ఒత్తిడి ఆ పలక మీద పడి బొమ్మ కిందికి దిగుతుంది, అటూ ఇటూ ఊగుతుంది. పొట్ట కింద, తోక దగ్గర మూడు ముళ్ల కొక్కేలు వేలాడుతుంటాయి. సన్నవి కనుక చటుక్కున తగులుకుంటాయి, కానీ లోతుగా దిగవు. చాలాసార్లు మూతి పక్కన పలచటి చర్మాన్ని పట్టుకుని ఉంటాయంతే. ఇక్కడ బిర్రుగా ఉండే రాడ్ రెండుసార్లు నష్టం చేస్తుంది. లూర్ ముందుకు సాగుతూనే ఉంటుంది కాబట్టి, చేప పీల్చే క్షణాన రాడ్ కాస్త లొంగకపోతే బొమ్మ నోట్లోకి సరిగా పోదు. పోయినా, చేప నీళ్లపైకి ఎగిరి తల విదిలించినప్పుడు ఆ కుదుపంతా కొక్కెం మీదే పడి చర్మం చిరుగుతుంది. నడుము దాకా వంగే రాడ్ ఆ కుదుపును తానే భరిస్తుంది.

అందుకే ఈ పనిలో ఫైబర్‌గ్లాస్ నేటికీ నిలిచి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వెదురు రాడ్లను ఫైబర్‌గ్లాస్ పక్కకు నెట్టింది. 1970లలో ఫెన్‌విక్ కంపెనీ గ్రాఫైట్ రాడ్లు తెచ్చాక గ్లాస్ వంతు వచ్చింది. గ్రాఫైట్ తేలిక, అడుగున రాయి తగిలినా, చేప మెల్లగా ముట్టినా చేతికి తెలుస్తుంది. అందరూ అటు మళ్లారు. అయినా క్రాంక్‌బెయిట్ విషయంలో పేరున్నవాళ్లు గ్లాస్‌ని వదల్లేదు. బాస్‌మాస్టర్ క్లాసిక్ పోటీని 1976, 1977, 1984, 1990లలో నాలుగుసార్లు గెలిచిన రిక్ క్లన్ వాళ్లలో ఒకరు. ఇప్పుడు గ్లాస్, గ్రాఫైట్ కలిపి చేసినవీ దొరుకుతున్నాయి. 7 అడుగుల మీడియం పవర్, మోడరేట్ యాక్షన్ రాడ్ ఈ లూర్‌కి సరిపోతుంది. లోతుకు దిగే రకమైతే ఇంకాస్త పొడవు మేలు. లూర్ ఎంత దూరం పడితే, లోతుకు దిగడానికి అంత వ్యవధి దొరుకుతుంది.

జిగ్ దగ్గరికొచ్చేసరికి లెక్క మారిపోతుంది. సీసం తల, లావుపాటి ఒంటి కొక్కెం, దానికి నాచు తగులుకోకుండా అడ్డంగా చిన్న కుచ్చు. ఆ కుచ్చును అణచి, లావు కొక్కేన్ని గట్టి దవడలో దించాలంటే వెన్నున్న రాడ్ కావాలి: 7 నుంచి ఏడున్నర అడుగులు, హెవీ, ఫాస్ట్. కొక్కెం ప్లాస్టిక్ పురుగులో దాగి ఉండే టెక్సస్ రిగ్‌కీ ఇదే న్యాయం, మీడియం హెవీ చాలు. ఏడున్నర అడుగుల కొలత వెనక ఒక కథ ఉంది. కాలిఫోర్నియాలో డీ థామస్ అనే వేటగాడు చాలా పొడవైన రాడ్లతో తుంగ దుబ్బుల సందుల్లోకి జిగ్‌ను దించేవాడు. పోటీల్లో రాడ్ పొడవుకు హద్దు పెట్టడంతో ఏడున్నర అడుగులకు కుదించుకుని, జిగ్‌ను చప్పుడు కాకుండా నీళ్లలోకి జార్చే పద్ధతిని సాధన చేశాడు. ఫ్లిప్పింగ్ అంటే అదే. 1975లో ఆర్కన్సా వెళ్లి బుల్ షోల్స్ జలాశయంలో దాంతోనే గెలిచాడు.

కప్ప లూర్‌కి ఇంకా మొండి రాడ్ కావాలి. మెత్తటి బోలు కప్ప, వీపును అంటిపెట్టుకున్న రెండు లావు కొక్కేలు. చేప నొక్కినప్పుడే అవి బయటపడతాయి. 50 పౌండ్లకు తగ్గని అల్లిక దారం వేసి, కొక్కెం నాటగానే చేపను నాచుతో సహా లాగేయాలి. ఇది మన చెరువులకూ వర్తిస్తుంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను కూడా నాచులో, గుర్రపుడెక్క కింద కాపు కాసి కప్ప మీద పడే రకమే. దానికోసం కప్ప లూర్ వేసేవాళ్లకు బాస్ వేటగాళ్ల హెవీ రాడ్ నేరుగా పనికొస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు డ్రాప్‌షాట్. వేలి గోరంత సన్న కొక్కెం, 6 నుంచి 8 పౌండ్ల దారం, కింద చిన్న బరువు. దీనికి మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్ నప్పుతుంది; హెవీ రాడ్ పట్టుకుంటే దారమే తెగవచ్చు. నీటి మీద అటూ ఇటూ నడిపించే లూర్‌లకు ఆరున్నర అడుగుల దగ్గర ఆగడం మంచిది. కొస కిందికి దించి మణికట్టుతో తడుతుంటాం కనుక, పొడవైన రాడ్ నీళ్లకు కొట్టుకుంటుంది.

పిడికి కొంచెం పైన, ఎన్ని ఔన్సుల లూర్ వేయవచ్చో అచ్చువేసి ఉంటుంది. దాన్ని చదవకుండా కొనకూడదు. అంతకంటే తేలిక లూర్ కడితే కొస వంగదు, విసురు పోదు. బరువైనది కడితే రాడ్ విరగవచ్చు.

తగిన రాడ్ వల్ల చేపకూ మేలే. 1972లో పోటీల నిర్వాహకుడు రే స్కాట్ తన బాస్ పోటీల్లో పట్టిన చేపను ప్రాణంతో వదిలేయమని ప్రచారం మొదలుపెట్టాడు. నాచులో చిక్కుకుని, బలహీనమైన రాడ్ మీద చాలాసేపు పెనుగులాడి అలిసిపోయిన చేపను వదిలినా అది బతుకుతుందన్న నమ్మకం తక్కువ. త్వరగా ఒడ్డుకు తెచ్చి త్వరగా వదలడం సరైన రాడ్ చేతిలో ఉన్నప్పుడే కుదురుతుంది.

ఒక్క రాడ్‌కే డబ్బులుంటే 7 అడుగుల మీడియం హెవీ, ఫాస్ట్ తీసుకోండి. టెక్సస్ రిగ్, తేలికపాటి జిగ్, తళుకు రేకులు తిరిగే స్పిన్నర్‌బెయిట్ దాంతో హాయిగా వేయవచ్చు. క్రాంక్‌బెయిట్ వేసిన రోజున మాత్రం సాగే గుణమున్న నైలాన్ దారం వాడండి, రీల్ డ్రాగ్‌ను, అంటే దారం జారకుండా పట్టి ఉంచే బిగింపును, కాస్త వదులు చేయండి. రెండోది కొనేటప్పుడు మీడియం హెవీల వైపు మళ్లీ చూడకుండా క్రాంక్‌బెయిట్ కోసం మెత్తటి గ్లాస్ రాడ్ తీసుకోండి.